ఏమీ జరగని కథల్లో ఏది ఎంచుకోవాలి? 2025 అనిమేల్లో ఐదింటి తొలి ఎపిసోడ్లు

పోరాటాలుండే అనిమేను, అంటే జపాన్ యానిమేషన్‌ను, ఎంచుకోవడం తేలిక. మొదటి ఎపిసోడ్ ముగిసేలోపు కథానాయకుడి ఊరు తగలబడుతుంది, లేదా ఒక రాక్షసుడు తలుపు బద్దలుకొట్టి లోపలికి వస్తాడు. తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలన్న ఆత్రుతే మనల్ని రెండో ఎపిసోడ్‌కు లాక్కుపోతుంది. రోజువారీ జీవితాన్ని చూపించే అనిమేకు, స్లైస్ ఆఫ్ లైఫ్ అని అందరూ పిలిచే ఆ కోవకు, ఈ వసతి లేదు. ఇద్దరు స్నేహితురాళ్లు కలిసి భోంచేస్తారు. ఒకమ్మాయి కెమెరా కొనుక్కుంటుంది. ఇరవై నాలుగు నిమిషాలు గడిచిపోతాయి. దాన్ని కొనసాగించాలా, వదిలేయాలా అన్నది ఆ కాసేపట్లోనే తేల్చుకోవాలి. చాలామంది ‘ఇందులో కథ లేదు’ అని లేచిపోతారు. వాళ్లు వదిలేసిన వాటిలో కొన్ని ఈ మధ్య వచ్చిన అనిమేలన్నింటిలోకీ మేలైనవని నా నమ్మకం. అందుకే ఈ పోలిక రాస్తున్నాను.

జపాన్‌లో ఏటా జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో కొత్త అనిమేలు గుంపుగా మొదలవుతాయి. వాటిలో 2025 ఏప్రిల్, జులై నెలల్లో మొదలైన ఐదింటిని ఇక్కడ తీసుకున్నాను: అపోకలిప్స్ హోటల్, ఫుడ్ ఫర్ ది సోల్, మోనో, సిటీ ది యానిమేషన్, రురి రాక్స్. ఒక్కోదానికి పన్నెండో పదమూడో ఎపిసోడ్లు. అంటే ఒకదాన్ని పూర్తిగా చూడటానికి సుమారు ఐదు గంటలు కావాలి. రోజుకు ఒకటి చొప్పున చూస్తే రెండు వారాల్లోపే అయిపోతుంది. ఐదూ చూడటానికి తీరిక ఉన్నవారికి సలహాతో పనిలేదు. ఒకటో రెండో మాత్రమే చూడగలిగినవారి కోసమే ఇదంతా.

ఎలా ఎంచుకోవాలి అంటే, నేను తొలి ఎపిసోడ్‌లో చూసేది ఒకటే. ఏమీ జరగని క్షణంలో ఆ సిరీస్ ఏం చేస్తోంది? సంభాషణ ఆగి, నవ్వు ఆగి, ఒక పాత్ర ఊరికే కిటికీలోంచి చూస్తున్నప్పుడో మెట్లెక్కుతున్నప్పుడో తెర మీద ప్రాణం ఉందా, లేదా? ఆ మనిషి నడకలో ఆమె స్వభావం కనిపిస్తే, ఆ గదిలో ఎవరో నిజంగా ఉంటున్నారనిపిస్తే, ఆ సిరీస్‌ను నమ్మవచ్చు. ఆ ఖాళీలను సంగీతంతోనో అరుపులతోనో నింపేస్తున్నారంటే, తయారుచేసినవారికే తమ లోకం మీద నమ్మకం లేదన్నమాట.

మనకు సంబంధించిన ఇంకో కొలత కూడా ఉంది. తెలుగు డబ్బింగ్ ఇప్పటిదాకా ఎక్కువగా పోరాటాల సిరీస్‌లకే దక్కింది. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ సినిమా తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చింది. ఇలాంటి నెమ్మది కథలను మాత్రం మనలో చాలామంది జపనీస్‌లో వింటూ, కింద ఇంగ్లిష్ అక్షరాలు చదువుకుంటూ చూడాల్సిందే. హాస్యానికి ఇది పెద్ద అడ్డంకి. మాట మీద ఆధారపడిన హాస్యమైతే కళ్లు తెర అడుగునే ఉండిపోతాయి. ముఖంలో మారే భావం తప్పిపోతుంది, నవ్వు ఒక క్షణం ఆలస్యమవుతుంది. బొమ్మతో నవ్వించే సిరీస్‌కు ఈ బాధ లేదు. కాబట్టి ఒక్కోదాన్నీ చూసేటప్పుడు చదవాల్సింది ఎంత, చూడాల్సింది ఎంత అన్న లెక్క కూడా వేసుకున్నాను.

సిటీ ది యానిమేషన్

ఆ లెక్కలో మొదట నిలబడేది సిటీ. కెయిచి అరావి గీసిన మాంగా (జపాన్ బొమ్మల కథ) దీనికి ఆధారం. అది కోదాన్షా వారి మార్నింగ్ పత్రికలో 2016 నుంచి 2021 దాకా వచ్చింది. అదే అరావి మాంగా నిచిజోను క్యోటో యానిమేషన్ స్టూడియో 2011లో ఇరవై ఆరు ఎపిసోడ్ల సిరీస్‌గా తీసింది. పద్నాలుగేళ్ల తర్వాత ఆ ఇద్దరూ మళ్లీ కలిశారు. ఈ మధ్యకాలంలో ఆ స్టూడియోకు ఏం జరిగిందో అనిమే చూసేవారికి తెలుసు. 2019 జులైలో జరిగిన దహనకాండలో ముప్పై ఆరు మంది చనిపోయారు. నిచిజో పాత్రలకు రూపమిచ్చిన ఫుతోషి నిషియా కూడా వారిలో ఉన్నారు. అలాంటి చోటు నుంచి 2025 జులైలో ఇంత రంగులమయమైన, ఇంత సంతోషంగా కేరింతలు కొట్టే సిరీస్ రావడం నాకు మామూలు విషయంగా అనిపించలేదు. దర్శకుడు తాయిచి ఇషిదాతే. వయొలెట్ ఎవర్‌గార్డెన్‌తో ప్రేక్షకులను కంటతడి పెట్టించిన ఆయన చేతుల్లోంచే ఈ అల్లరి వచ్చింది.

తొలి ఎపిసోడ్‌లో మనకు మిదోరి నగుమో పరిచయమవుతుంది. చేతిలో డబ్బు నిలవని కాలేజీ విద్యార్థిని. అద్దె బాకీ కోసం ఇంటి యజమానురాలైన ముసలమ్మ వెంటపడుతూ ఉంటుంది. నగుమో పరుగెడుతూ ఉంటుంది. ఆమె స్నేహితురాలు నీకురాకు కెమెరా అంటే ప్రాణం. ఇంకొకమ్మాయి ఇజుమి వాకో ఏ లోకంలో ఉంటుందో ఎవరికీ అంతుబట్టదు. వీరి చుట్టూ మకాబే కుటుంబం నడిపే హోటల్, పోలీసు, ఫుట్‌బాల్ ఆడే పిల్లలు, ఇంకా ఎందరో. పేరుకు తగ్గట్టే ఇందులో ప్రధాన పాత్ర ఊరే.

బొమ్మ తీరు మొదటి నిమిషంలోనే కళ్లను పట్టేస్తుంది. ఇప్పటి అనిమేల్లో వెనక దృశ్యాన్ని ఛాయాచిత్రంలా మెరిపించి, ముందు పాత్రలను వేరే తీరులో నిలబెట్టడం మామూలైపోయింది. సిటీలో పాత్రకూ గోడకూ చెట్టుకూ ఒకే రకం గీత, ఒకే రకం చదును రంగు. పిల్లల బొమ్మల పుస్తకం కదిలినట్టు ఉంటుంది. తేలిగ్గా గీసినట్టు కనిపిస్తుంది గానీ, ఆ కదలికలను ఆపి ఆపి చూస్తే ఎంత శ్రమ ఉందో తెలుస్తుంది. నగుమో వీధి మలుపు తిరిగేటప్పుడు ఒళ్లు ఒరిగే తీరులోనే ఆమె తొందరపాటు, మొండితనం, అమాయకత్వం అన్నీ ఉన్నాయి.

తొలి ఎపిసోడ్ చూసి ‘గందరగోళంగా ఉంది’ అనుకునేవారు ఉంటారు. వాళ్లకు నా సలహా: ఐదో ఎపిసోడ్ దాకా ఆగండి. అందులో ఒకచోట తెర ముక్కలుగా విడిపోయి, ఒక్కో ముక్కలో ఒక్కో కథ ఏకకాలంలో నడుస్తుంది. తిరునాళ్లలో నిలబడి ఎటు చూడాలో తెలియక తల తిప్పుకుంటున్న పిల్లవాడి పరిస్థితి మనది. ఏ ముక్కను చూసినా మరోదాన్ని కోల్పోతాం. మళ్లీ వెనక్కి వెళ్లి చూస్తే ఒకదాంట్లో పడిన వస్తువు ఇంకోదాంట్లో తేలుతుంది. టీవీ హాస్యంలో ఇంత సాహసం నేను చాలా అరుదుగా చూశాను. అంతవరకు చూసినా మనసుకు పట్టకపోతే నిస్సంకోచంగా వదిలేయవచ్చు, ఎందుకంటే ఆ తర్వాత సిటీ తన స్వభావం మార్చుకోదు.

చదవాల్సింది తక్కువ, చూడాల్సింది ఎక్కువ. పదేళ్ల పిల్లలతో కలిసి కూర్చుని చూడవచ్చు. అయితే పగలంతా పనిచేసి అలసిపోయిన రాత్రి దీన్ని పెట్టకండి. దీనికి మెలకువగా ఉన్న కళ్లు కావాలి.

రురి రాక్స్

ఐదింటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది ఇదే. కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

రురి తానిగావా హైస్కూలు విద్యార్థిని. మెరిసే నగలంటే పిచ్చి. స్ఫటికం లాకెట్ కొనుక్కోవాలని ఉంది, చేతిలో డబ్బు లేదు. స్ఫటికాలు కొండల్లో దొరుకుతాయని విని, ఏ సన్నాహమూ లేకుండా కొండెక్కేస్తుంది. అక్కడ నాగి అరాతో అనే ఖనిజశాస్త్ర పరిశోధక విద్యార్థిని ఎదురవుతుంది. చేతిలో సుత్తి, వీపున సంచి. తొలి ఎపిసోడ్ కథ ఇంతే. ఆశ పడే పిల్ల, తెలిసిన పెద్దమ్మాయి, ఒక కొండ.

కెయిచిరో షిబుయా మాంగా ఆధారంగా దీన్ని తీసింది స్టూడియో బైండ్, దర్శకుడు షింగో ఫుజీ. ముషోకు టెన్సెయ్ అనే భారీ కల్పిత లోకపు కథ కోసం పుట్టిన స్టూడియో అది. ఆ నైపుణ్యమంతా ఇక్కడ వాగునీటి మీద, తడిసిన బండల మీద, రాతి పగులులోకి దూరిన వెలుగు మీద ఖర్చుపెట్టింది. కొండ ఎక్కుతున్నప్పుడు అడుగు జారే తీరు, బరువున్న సంచి భుజాన్ని లాగే తీరు చూడండి. ఏమీ జరగని క్షణాల్లో ఏం చేస్తోందన్న నా పరీక్షలో ఇది మొదటి పది నిమిషాల్లోనే నెగ్గింది.

కానీ నన్ను పట్టింది బొమ్మ ఒక్కటే కాదు. ఇది నేర్చుకోవడం గురించిన కథ, అది కూడా చాలా నిజాయితీగా చెప్పిన కథ. రురి మొదట అడిగేది ‘ఎంతకు అమ్ముడుపోతుంది’ అనే. నాగి ఆమెను తిట్టదు, నీతులు చెప్పదు. ఈ రాయి ఇక్కడే ఎందుకుంది అని తిరిగి ప్రశ్న వేస్తుంది. ఆ ఒక్క ప్రశ్న నుంచి మిగతా ఎపిసోడ్లన్నీ పుడతాయి. వాగులో బంగారు రేణువుల కోసం ఇసుకను గిన్నెలో కడిగేటప్పుడు, బరువైన ఖనిజాలు నీటి వేగం తగ్గిన చోట కలిసి చేరతాయన్న సంగతి పాఠంలా కాకుండా చేతిపనిలా తెలుస్తుంది. ఇంకొంత ముందుకు వెళ్తే నీలమణి రేణువులు ఎక్కడి నుంచి కొట్టుకొచ్చాయో వెతికే ఘట్టం ఉంది. ఒక్కో పాయ దగ్గరా ఇసుక తీసి, కడిగి, ఎండబెట్టి, భూతద్దం కింద చూసి, ఏ పాయలో నీలం కనిపించిందో గుర్తుపెట్టుకుంటూ ఎగువకు సాగడం. విసుగు పుట్టించే పని. రురికీ విసుగు పుడుతుంది. ఆ విసుగును దాచకుండా చూపించారు కాబట్టే, కనుక్కున్నప్పటి సంతోషం మనదవుతుంది.

తెలుగువారు దీన్ని ఒకింత ప్రత్యేకంగా చూడగలరు. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి పొలాల్లో వజ్రాల కోసం నేలకేసి చూస్తూ నడిచే జనం గురించి మనం ఏటా పత్రికల్లో చదువుతూనే ఉంటాం. వాన మట్టిని కడిగేస్తే రాయి పైకి తేలుతుందని వాళ్లకు తెలుసు. ఆ రాయి ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నను పట్టుకున్నవారు అనంతపురం జిల్లా వజ్రకరూరు ప్రాంతంలో, వజ్రాలను భూమి లోతుల నుంచి పైకి తెచ్చిన కింబర్లైట్ రాతిగొట్టాల దాకా వెళ్లారు. కింబర్లైట్‌ను వెతికే శాస్త్రజ్ఞులు కూడా వాగు ఇసుకలో దొరికే ప్రత్యేకమైన గార్నెట్ రేణువులను ఆనవాలుగా పట్టుకుని ఎగువకు నడుస్తారు. రురి, నాగి చేసేది సరిగ్గా అదే. జపాన్ కొండల్లో జరిగే ఈ కథ చూస్తున్నంతసేపూ నాకు రాయలసీమ ఎర్రనేలే కళ్లముందు ఉంది. భూగర్భశాస్త్రం అంటే ఇష్టం కలిగించే ఇంత మంచి మార్గం పిల్లలకు మరొకటి దొరకడం కష్టం.

ఒక్క అభ్యంతరం ఉంది, అది చెప్పి తీరాలి. పాత్రల శరీరాలను గీసిన తీరులో, కొన్నిచోట్ల కెమెరా నిలబడిన కోణంలో కథకు అక్కరలేని చూపు ఉంది. విషయం మీద ఇంత గౌరవం ఉన్న సిరీస్‌కు అది తగదు. పిల్లలకు చూపించాలనుకునే తల్లిదండ్రులు మొదటి రెండు ఎపిసోడ్లు ముందు తామే చూసి నిర్ణయించుకోవడం మంచిది. పన్నెండేళ్లు దాటిన పిల్లలతో అయితే నేను నిరభ్యంతరంగా చూస్తాను.

చదవాల్సింది మధ్యస్థం. ఖనిజాల పేర్లు ఇంగ్లిష్‌లో వస్తాయి గానీ, అవే పేర్లు మన పాఠ్యపుస్తకాల్లోనూ ఉన్నవే.

అపోకలిప్స్ హోటల్

పేరు చూసి భయపడకండి. ఇది హాస్యమే, అంతకంటే మెత్తనిది కూడా. ఏ మాంగా ఆధారమూ లేకుండా సైగేమ్స్ పిక్చర్స్ సొంతంగా తయారుచేసిన కథ. దర్శకురాలు కానా షుండో. 2025 ఏప్రిల్‌లో మొదలైంది.

ఒక అంటువ్యాధి వల్ల మనుషులంతా భూమిని వదిలి అంతరిక్షంలోకి వెళ్లిపోయారు. టోక్యోలోని గింజాలో గింగారో అనే హోటల్ మాత్రం ఇంకా తెరిచే ఉంది. రోబోలు నడుపుతున్నాయి. యజమాని తిరిగి వస్తానన్నాడు కాబట్టి. వంద సంవత్సరాలుగా ఒక్క అతిథీ రాలేదు. రోబోలు ఒక్కొక్కటిగా పాడైపోతున్నాయి. యాచియో అనే రోబో అమ్మాయి తాత్కాలిక మేనేజర్‌కు తాత్కాలిక ప్రతినిధి హోదాలో రోజూ పరుపులు సర్దిస్తుంది, అద్దాలు తుడిపిస్తుంది, తలుపు దగ్గర నిలబడే రోబోతో కలిసి రాని అతిథి కోసం ఎదురుచూస్తుంది.

తొలి ఎపిసోడ్‌లో పెద్ద సంక్షోభం ఏమిటంటే, తలస్నానం చేసేటప్పుడు కళ్లలో నురగ పడకుండా పెట్టుకునే టోపీ ఒకటి కనిపించకుండా పోవడం. వందేళ్లుగా ఎవరూ వాడని టోపీ. దాని కోసం యాచియో పడే కంగారు చూసి మొదట నవ్వొస్తుంది. కాసేపటికి గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఎవరూ చూడకపోయినా పని సరిగా చేయాలనే పట్టుదల, ఆ పట్టుదల వెనక ఉన్న ఒంటరితనం, రెండూ ఆ ఒక్క టోపీలో ఇమిడిపోయాయి. ఒక హాస్య సన్నివేశం ఇంత బరువు మోయడం గొప్ప రచన వల్లే సాధ్యం.

ఎపిసోడ్ చివర్లో అతిథి వస్తాడు. మనిషి కాదు. అక్కడి నుంచి కథ ఊహించని దారులు పడుతుంది. వేరే గ్రహం నుంచి రూపం మార్చుకునే తనుకి (జపాన్ జానపద కథల్లో కనిపించే, కుక్కను పోలిన జంతువు) జాతి కుటుంబం దిగుతుంది. వారి అమ్మాయి పోంకో యాచియోకు తోడవుతుంది. ఎపిసోడ్‌కూ ఎపిసోడ్‌కూ మధ్య దశాబ్దాలు గడిచిపోతాయి. సొంతంగా విస్కీ తయారుచేయాలనుకుంటే అది పీపాల్లో ముదరడానికి పట్టే ఏళ్లన్నీ నిజంగానే గడుస్తాయి. రోబోకు కాలం లెక్కలేదు కదా. పదకొండో ఎపిసోడ్‌లో యాచియో ఒక రోజు సెలవు తీసుకుని పాడుబడిన నగరంలో తిరుగుతుంది. దాదాపు మాటలే ఉండవు. ఆ సంవత్సరం వచ్చిన ఎపిసోడ్లలో నాకు అన్నింటికంటే నచ్చింది అదే.

అయితే తొలి ఎపిసోడ్ ఇచ్చిన ధోరణిని రెండోది కొంత, మూడోది మరికొంత మారుస్తాయి. మౌనంగా, విషాదంగా సాగుతుందనుకున్నవారికి తనుకి కుటుంబం అల్లరి మొదట్లో చిరాకు కలిగించవచ్చు. ఆ మార్పు కావాలని చేసినదే. ఎవరూ రాని హోటల్ అందంగా ఉంటుంది, కానీ హోటల్ ఉన్నది అతిథుల కోసం. అతిథులంటే గోల, మరకలు, ఫిర్యాదులు. యాచియో కోరుకున్నది దాన్నే.

ఫుడ్ ఫర్ ది సోల్, మోనో

ఈ రెండింటినీ కలిపి చెబుతున్నాను. ఏప్రిల్‌లో ఒకే వారాంతంలో మొదలయ్యాయి. రెండింటి మీదా పాత పెద్ద సిరీస్‌ల నీడ ఉంది. చూసేవారు తరచూ ఒకదానికి బదులు ఇంకోటి ఎంచుకుంటారు కూడా.

ఫుడ్ ఫర్ ది సోల్‌ను తీసింది పీఏ వర్క్స్. పల్లెటూరి బడిపిల్లల కథ నాన్ నాన్ బియోరిని చూసినవారికి దాని మాంగా రచయిత అత్తో, అనిమే దర్శకుడు షిన్యా కవాత్సురా తెలిసే ఉంటారు. ఆ ఇద్దరూ ఇక్కడ మళ్లీ కలిశారు. అత్తో పాత్రలకు మూలరూపం ఇచ్చారు, కవాత్సురా దర్శకత్వం వహించారు. మాకో కవాయి కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయి. నలుగురిలో మాట పెగలదు. ఒంటరిగా తినడమే ఆమెకు సుఖం. చిన్ననాటి స్నేహితురాలు షినోన్ ఎదురై ఆమెను ఆహార సంస్కృతి పరిశోధన బృందంలోకి లాగుతుంది. పరిశోధన పేరుకే. జరిగేది కలిసి వండుకోవడం, కలిసి తినడం.

అనిమేల్లో తిండి అంటే అతిశయోక్తి ఎక్కువ. ముద్ద నోట్లో పడగానే పాత్ర ఆకాశంలోకి ఎగిరిపోతుంది. ఇందులో మాకో ముద్ద నమిలి, కళ్లు కొద్దిగా పెద్దవిచేసి, ఇంకో ముద్దకు చేయి చాస్తుంది. అంతే. ఆ నిగ్రహమే దీని అందం. సిగ్గరి పాత్రను ఎగతాళి చేయకపోవడం నాకు మరీ నచ్చింది. ఆమెను మార్చాలని ఎవరూ పట్టుబట్టరు. పక్కన కూర్చుని తింటారు, అంతే. హాస్టల్లోనో, పరాయి దేశంలో అద్దె గదిలోనో ఒంటరిగా అన్నం వండుకుంటున్న మన పిల్లలకు ఈ సిరీస్ ఎంత దగ్గరగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఇక్కడి హాస్యం చిరునవ్వు స్థాయిని దాటదు. పొట్టచెక్కలయ్యే నవ్వు కావాలంటే ఇది కాదు. ఖాళీ కడుపుతో చూడకండి.

గుడారాల్లో విడిది చేసే అమ్మాయిల కథ యురు క్యాంప్‌ను గీసిన ఆఫ్రోదే మరో మాంగా, దానికి అనిమే రూపం మోనో. స్వానియే అనే కొత్త స్టూడియో తీసింది. యమనాషి రాష్ట్రంలో, చుట్టూ కొండలున్న కోఫు నగరం. ఫొటోగ్రఫీ క్లబ్‌లో తను ఆరాధించే సీనియర్ చదువు ముగించి వెళ్లిపోవడంతో సత్సుకి అనే అమ్మాయి డీలాపడుతుంది. స్నేహితురాలు ఆన్ ఆమెను మళ్లీ నిలబెట్టాలని చూస్తుంది. నలుదిక్కులా ఒకేసారి తీసే కెమెరా ఒకటి కొనడంతో హరునో అనే మాంగా చిత్రకారిణితో పరిచయమవుతుంది. ఆమెకు కారుంది, కథలకు సరుకు కావాలి. పిల్లలకు తిరగాలనుంది. అలా ప్రయాణాలు మొదలవుతాయి.

తొలి ఎపిసోడ్ చక్కగా ఉంది, ముఖ్యంగా కదలిక. కానీ సీనియర్ మీద బెంగతో మొదలైన కథ తర్వాత ఆ బెంగను దాదాపు మరచిపోతుంది. క్లబ్ పక్కకు జరిగి పెద్దవాళ్ల ప్రయాణాలు, దయ్యాల చోట్ల గాలింపు ముందుకు వస్తాయి. ప్రతి ఎపిసోడూ హాయిగానే ఉంటుంది, మొత్తంగా చూస్తే మాత్రం దేని గురించో స్పష్టంగా నిలవదు. యురు క్యాంప్ చూడనివారు ముందు అదే చూడటం మేలు. చలిలో ఒంటరిగా గుడారం వేసుకున్న రిన్, చీకట్లో చిక్కుకుపోయి ఆమె దగ్గరకు వచ్చిన నాదేషికో మధ్య మొదటి ఎపిసోడ్‌లోనే పుట్టే స్నేహానికి సాటి మోనోలో లేదు. అది చూసి, యమనాషి కొండల మీద మనసుపడి, ఇంకా అక్కడే తిరగాలనిపించినవారికి మోనో మంచి కానుక.

మరి ఎవరికి ఏది?

ఇంట్లో అందరూ కలిసి, చిన్నపిల్లలతో సహా, ఆదివారం మధ్యాహ్నం చూసేదైతే సిటీ. తాతయ్య, నానమ్మలు కూడా మాట అర్థం కాకపోయినా బొమ్మ చూసి నవ్వుతారు.

చదువుకునే పిల్లలకు, టీచర్లకు, ఏదైనా ఒక విషయాన్ని లోతుగా ఇష్టపడే స్వభావం ఉన్నవారికి రురి రాక్స్. నగల మీద తప్ప రాళ్ల మీద ఆసక్తి లేనివారికి కూడా. అసలు రురి మొదలైంది అక్కడే.

అనిమే అంటేనే దూరంగా ఉండే పెద్దవారికి ఒకటే చూపించే అవకాశం ఉంటే అపోకలిప్స్ హోటల్ చూపిస్తాను. పని గురించి, ఎదురుచూపు గురించి అది చెప్పేది అర్థం కావడానికి జపాన్ గురించి ఏమీ తెలిసి ఉండనక్కర్లేదు. నలభై ఏళ్లు ఉద్యోగం చేసి విరమించినవారు యాచియోను మనకంటే బాగా అర్థం చేసుకుంటారు.

నిద్రకు ముందు, మనసు అలసినప్పుడు ఫుడ్ ఫర్ ది సోల్. వరుసగా నాలుగు ఎపిసోడ్లు చూడటం దీనికి న్యాయం కాదు. రోజుకు ఒకటే.

సిటీకీ అపోకలిప్స్ హోటల్‌కూ మధ్య ఊగిసలాడేవారు తమను తాము ఒక ప్రశ్న వేసుకోవాలి. నవ్వు దేనికి కావాలి? ఆ క్షణానికి చాలనుకుంటే సిటీ. చూసిన రెండు రోజుల తర్వాత కూడా లోపల ఏదో మిగలాలనుకుంటే హోటల్. అలాగే రురి రాక్స్, మోనో రెండింటిలోనూ అమ్మాయిలు, కొండలు, ఒక అభిరుచి ఉన్నా అవి ఒకటి కాదు. మోనోలో కొండ చూడటానికి, రురిలో కొండ తెలుసుకోవడానికి.

తొలి ఎపిసోడ్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

హాస్యం విషయంలో తొలి ఎపిసోడ్‌ను బాగా మెచ్చుకున్నప్పుడే జాగ్రత్త అవసరం. 2024 జులై దీనికి మంచి ఉదాహరణ. విట్ స్టూడియో తీసిన నోకోతాన్ జింక కొమ్ముల అమ్మాయి కథ. ప్రసారానికి ముందే దాని పాట ముక్క ప్రపంచమంతా మార్మోగింది. తొలి సన్నివేశంలో ఆ అమ్మాయి కొమ్ములు కరెంటు తీగలకు చిక్కుకుని వేలాడుతుంటే నవ్వకుండా ఉండలేం. కానీ ఆ సిరీస్ దగ్గర ఉన్నది ఆ ఒక్క చమత్కారమే. అర్థంలేని పని చేసే జింకమ్మాయి, ఆమెను చూసి విస్తుపోయే తోటి విద్యార్థిని తోరాకో. నాలుగో ఎపిసోడ్‌కు ఆ వరస మనకు కంఠతా వచ్చేస్తుంది.

అదే నెలలో ఏ-1 పిక్చర్స్ స్టూడియో మకెయినే అనే హాస్య సిరీస్‌ను తీసింది. ఐచి రాష్ట్రంలోని తోయోహాషి నగరం. నుకుమిజు అనే ఒంటరి కుర్రాడు హోటల్లో కూర్చుని పుస్తకం చదువుకుంటుంటే, పక్క బల్ల దగ్గర యానామి అనే అమ్మాయి ప్రేమ విఫలమవుతుంది. ప్రేమించినవాడు వెళ్లిపోయాక ఆమె అతని గ్లాసులోని స్ట్రాతో తాగడం నుకుమిజు కంటపడుతుంది. తర్వాత ఆమె తిండి బిల్లు ఇతను కట్టడం, ఆ బాకీని ఆమె రోజూ మధ్యాహ్న భోజనం డబ్బాతో తీర్చడం. ఇక్కడ నవ్వు పుట్టేది మనిషి నుంచి. ఓడిపోయానని ఒప్పుకోలేని ఆమె తీరు నుంచి. మనిషి నుంచి పుట్టిన నవ్వు పన్నెండు ఎపిసోడ్లయినా అరిగిపోలేదు. కాకపోతే ఇందులో మాటలు చాలా ఎక్కువ, వేగమూ ఎక్కువ. ఇంగ్లిష్ అక్షరాలు చదువుతూ చూసేవారు ఫోనులో కాకుండా పెద్ద తెర మీద చూస్తే మేలు, అవసరమైతే ఆపి ఆపి చూడాలి.

అందుకని హాస్య సిరీస్ తొలి ఎపిసోడ్ అయ్యాక, నవ్వించిన సన్నివేశాన్ని గుర్తుచేసుకుని అక్కడి పాత్ర స్థానంలో మరొకరిని పెట్టి ఊహించండి. అప్పుడూ అంతే నవ్వొస్తే, ఆ సిరీస్ దగ్గర చమత్కారం ఉంది గానీ మనుషులు లేరు. షాంపూ టోపీ కోసం యాచియో కాకుండా ఇంకెవరు వెతికినా నవ్వు రాదు. అద్దె ఎగ్గొట్టి పరుగెత్తేది నగుమో కాకపోతే ఆ పరుగు అలా ఉండదు.

నెమ్మది కథలకు ఈ పరీక్ష పనికిరాదు. వాటికి తొలి ఎపిసోడ్ చూసిన మర్నాడు ఆగాలి. ఆ ఊరు, ఆ గది, ఆ కొండ ఒక్కసారైనా తలపుకు వచ్చాయా? వస్తే రెండోది పెట్టండి. రాకపోతే మూడు ఎపిసోడ్లు చూడాలన్న నియమమేదో పాటించి మూడు రాత్రులు పోగొట్టుకోనక్కర్లేదు. అపోకలిప్స్ హోటల్‌కు మాత్రం మినహాయింపు. దాని రెండో ఎపిసోడ్‌ను మొదటిది చూసిన రాత్రే చూడండి. అతిథి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.